మోడు మీద చెయ్యి

పదమూడో కూపులో చింతమాను ఉంది చూడండి, వాగు దాటి, రాళ్లగుట్ట పక్కన, దాని కిందికి ఈ ఊరోళ్లు ఎవరూ పోరు. గొడ్డు తప్పిపోయి అటు పోయిందంటే గొడ్డు పోయిందనుకుంటారు గానీ ఎతకరు. కొమ్మలు వంగేంత కాయ కాస్తుంది, రాలి అక్కడే పుచ్చిపోతుంది, మనం మాత్రం సంతలో చింతపండు కొనుక్కుంటాం. ఎందుకని ఎవరన్నా అడిగినారా ఇన్నేండ్లలో? అడగలేదు. నేను, మీ గిడ్డమ్మవ్వ, పోవద్దన్నా, అంతే. ఇప్పుడు అడిగేదానికి వచ్చినారు, ఎందుకంటే రేపు పొద్దున ఆఫీసోళ్లు ఆ కూపు తెరుస్తారంట, నరకడానికి మీరు పేర్లు రాయించుకున్నారంట. మంచిది. కూచోండి. ఊరికే కూచోకుండా ఆ శెనక్కాయలు ఒలవండి, తినేది తక్కువ, ఒలిచేది ఎక్కువ ఉండాల.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. అడవి నట్టనడుమ చింతమాను కనబడిందంటే అక్కడ ఒకప్పుడు పొయ్యి వెలిగిందని అర్థం. మన ఊరు అక్కడే ఉండేది, మా తాత పుట్టింది ఆ మాను కిందనే. మీరేమనుకుంటారంటే అడవిని దేవుడు పెంచినాడని. మొలిపించింది దేవుడే, కాదనను, పెంచింది మాత్రం మనోళ్లే. ఒక ఏడు కొండకు ఒక పక్క నరికేవాళ్లు, నాగలికి, కాడికి, ఇంటి వాసాలకు, పొయ్యికి, మరుసటేడు ఆ పక్కకు మేకను గూడ పోనిచ్చేవాళ్లు కాదు, ఇంకో పక్కకు పోయేవాళ్లు, అట్లా కొండంతా చుట్టుకొని మళ్లా మొదటి పక్కకు వచ్చేసరికి ముప్పై ఏండ్లయ్యేది, తండ్రి నరికిన చోట కొడుకు నరికేవాడు. దాన్ని వంతు అనేవాళ్లు. తర్వాత తెల్లోళ్ల కాలంలో ఆఫీసోళ్లు వచ్చి, మన వంతునే చూసి కాగితం మీద గీసుకొని, రాళ్లు పాతి, రాళ్ల మీద నంబర్లు చెక్కి, కూపు అని పేరు పెట్టి, మీరిక్కడుంటే అడవి పాడవుతుంది దిగండి అని ఊరిని కిందికి తోసి, మన అడవికి మనల్నే కూలికి పిలిచినారు. కంచె చేను మేస్తుందని అంటారు, ఇక్కడ కంచె వచ్చి చేను నాదే అనింది. రైలు పట్టాల కింది దుంగలు మనయే, యుద్ధమప్పుడు బస్సులు బొగ్గుతో నడిచినాయంట, ఆ బొగ్గూ మన కొండదే, మా అమ్మ ఆ బట్టీ పొగకే దగ్గి దగ్గి పోయింది.

అయితే నరికే పద్ధతి మాత్రం మనదే నిలిచింది. మోడు జానెడు కంటే ఎత్తు ఉండగూడదు. వాలుగా కొట్టాల, వాననీళ్లు దాని మీద నిలవగూడదు. బెరడు చీలగూడదు. అట్లా కొట్టినామంటే తొలివానకే మోడు చుట్టూ పిలకలొస్తాయి, ఆషాఢానికి మోకాలెత్తు, దసరాకు నడుమెత్తు, మళ్లా ఉగాదికి మనిషెత్తు, వాటిలో మంచిది ఉంచి తక్కినవి తీసేస్తే అదే మళ్లా మానవుతుంది. వేరున్నంతకాలం ఆ చెట్టుకు చావులేదు. అందుకని వేరు పెకిలించినోడికి కూడు పుట్టదని మా నాయన అనేవాడు. ఇంకోటి కూడా ఉండె. మాను పడినాక నరికినోడు గొడ్డలి కింద పెట్టి, ఆ పచ్చి మోడు మీద అరచెయ్యి ఆనించి, మళ్లీ రా అనాల. అనకపోతే రాదని కాదప్పా, ఒకరి ప్రాణం తీసుకొని పలకరించకుండా పోతామా? రోజుకు ఇరవై మాన్లకు అంటాం, చిన్నప్పటినుంచీ అంటాం, ఇంక అది మాట గాదు, దగ్గు వచ్చినట్టు దానంతట అదే వస్తుంది. ఈ కాలం మీకు మిషన్లు వచ్చె, మీకు అదీ లేదు.

ఇప్పుడు దస్తగిరి సంగతి చెప్తా. నాకు పద్దెనిమిదేండ్లప్పుడు ఆయన ఈ అడవికి గార్డు. దొంగ కాదు, అది ముందే చెప్పాల, పైసా ముట్టడు, కోడి ముట్టడు. అట్లాంటోడితోనే అవస్థ. దొంగ గార్డయితే కాళ్లు పట్టుకుంటే కరుగుతాడు, ఈయన కాళ్లు పట్టుకుంటే ఆ కాళ్లతోనే తన్నేవాడు. అడవి మీద అంత ప్రేమ ఆయనకు, మనుషుల మీద లేదు. కూపులో విత్తనానికని కొన్ని మాన్లు నరక్కుండా నిలబెడతారు కదా, వాటికి ఇనప సుత్తితో ముద్ర కొట్టేవాడు, ముద్ర మాను జోలికి పోతే ఇంక అయిపాయె. మా నాయన తిరుపాలుకు అప్పటికే కండ్లలో పొర వచ్చింది. వచ్చిందని చెప్తే పని ఉండదు, చెప్పలేదు. ఒకరోజు తడుముకుంటా పోయి ముద్ర ఉండే నల్లమద్దిని నరికేసినాడు. నరికి, చెయ్యి పెట్టి, మళ్లీ రా అని లేసేసరికి ఎదురుగా దస్తగిరి నిలబడుండె.

ఆ చింతమానుకు కట్టేసినాడు మా నాయనను. అరవై ఏండ్ల మనిషిని, మేమంతా చూస్తుండంగనే, పచ్చి వెదురుబద్ద తీసుకొని, కొట్టినాడు, కొట్టినాడు, చెయ్యి నొప్పి పుడితే ఆగి, నీళ్లు తాగి, మళ్లా కొట్టినాడు. మా నాయన మొదట అరిచినాడు, తర్వాత లెక్కబెట్టినట్టు మూలిగినాడు, తర్వాత ఏమీ అనలేదు. వీపు తోలు బద్దకు అంటుకొని వచ్చింది. మూడోనాడు నెత్తురు కక్కి పాయె. ఫిర్యాదు చెయ్యలేదా అంటారు. ఎవరికి చెయ్యాల? ఆయన మీదోనికి. మీదోడు ఏమన్నాడంటే, ముద్ర మాను నరికినందుకు ముసలోని మీద కేసు కట్టలేదు, అందుకు సంతోషపడండి అన్నాడు.

మా అన్న సుంకన్న ఆ రోజు ఏడవలేదు. నా మొగుడు, పేరు చెప్పగూడదు గానీ పోయినోడే కదా, మద్దిలేటి, పెండ్లయి ఆరు నెలలు కాలేదు, వాడు మా అన్నతో, బావా నీ నాయనే కాదు నాకు మామ గూడ అన్నాడంట. ఇద్దరూ అనుకున్నారు. నాకూ చెప్పినారు, ఎందుకంటే మూడో మనిషి కావాల. మాను ఏ పక్కకు పడాలో తిప్పడానికి తాడు పట్టేది ఆడోళ్లం. దస్తగిరి రోజూ మిట్టమధ్యాన్నం ఆ చింతమాను నీడకు వచ్చి రొట్టె తిని, కాసేపు కన్ను మూస్తాడు. చింతమాను పక్కనే పెద్ద చిరుమాను ఒకటుండె, నరకాల్సిందే అది. దాన్ని ముందే సగానికి పైగా కొట్టి ఉంచి ఆయన మీదికి వేస్తే, మాను పడి పోయినాడు పాపం అని ఊరంతా అంటుంది. అంతే. అంత సుళువు అనుకున్నాం.

తాడు నేనే లాగినా. మీ అవ్వను అట్లా చూడమాకండి, లాగినా. మాను పడింది, పడింది గానీ సరిగ్గా పడలేదు, ఆయన నడుము కింద పడింది. కాళ్లు రెండూ నలిగి నేలలోకి దిగిపోయినాయి, మనిషి పైన బాగానే ఉన్నాడు. మమ్మల్ని ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసినాడు. బతిమిలాడలేదు. నీళ్లు అడిగినాడు. నా మొగుడు నీళ్ల చెంబు కోసం పోబోయినాడు కూడా, వాడి మనసు అంత, పిచ్చోడు. మా అన్న వాణ్ని పక్కకు నెట్టి, గొడ్డలి ఎత్తి, ఒక దెబ్బ. వాలుగా. మెడ తోలు కూడా చీలలేదు, అంత శుభ్రంగా తెగింది. నెత్తురు నా చీర మీద పడింది, వేడిగా ఉండె, అది నాకు బాగా గుర్తు.

అప్పుడు జరిగింది అసలు సంగతి. మా అన్న గొడ్డలి కింద పెట్టినాడు, వంగినాడు, ఆ తెగిన మెడ మీద అరచెయ్యి పెట్టినాడు, మళ్లీ రా అనినాడు.

కావాలని అనలేదురా. పొద్దున్నుంచి పదిహేను మాన్లకు అనిన మాట, నోట్లోనే ఉండె, వచ్చేసింది. అనినాక వాడికే తెలిసి చెయ్యి వెనక్కు లాక్కున్నాడు. ముగ్గురం ఒకరి మొగం ఒకరం చూసుకున్నాం. మాను పడి పోయినాడని చెప్పేదానికి లేదు, మెడ తెగుంది కదా, ఇంక అక్కడే చింతమాను మొదట్లో పూడ్చిపెట్టి, టోపీ తీసుకపోయి వాగులో పడేసి, పులి ఎత్తుకపోయిందన్నాం. నాలుగు రోజులు ఎతికి వాళ్లూ పులే అనుకున్నారు.

వానలొచ్చినాయి. పిలకలు తీసే పనికి మళ్లా కూపుకు పోవాల. పోకపోతే ఎందుకు పోలేదని అడుగుతారు, పోయినాం. చింతమాను మొదట్లో మూడు పిలకలు లేసినాయి, తెల్లగా, ఆకు లేకుండా. ఏ చెట్టుదో నా మొగునికీ తెలీలేదు, మా అన్నకూ తెలీలేదు, ఈ కొండ మీద వాళ్లకు తెలియని చెట్టు లేదు. ఆషాఢంలో పోతే అవి మోకాలెత్తుకు వచ్చినాయి, మొగాలొచ్చినాయి. మూడూ దస్తగిరే. మోకాలెత్తు దస్తగిరి, మీసాలతో, ఖాకీ నిక్కరుతో. నవ్వండి, మీకు నవ్వు వస్తుంది. మాకూ మొదట నవ్వే వచ్చింది, భయం ఎక్కువైతే అట్లనే వస్తుంది. నేల నుంచి కదలవు, మాట్లాడవు, ఎండ నడినెత్తికి వచ్చినప్పుడే కనబడతాయి, తక్కిన పొద్దు ఉత్త పిలకలే. ఒకటి మా అన్ననే చూస్తుంది, ఒకటి నా మొగుణ్ని, ఒకటి నన్ను. ఎటు తిరిగితే అటు మెడ తిప్పుతుంది. దసరాకు నడుమెత్తు వచ్చినాయి.

నరికేయలేదా అని అడుగుతారు. నా మొగుడు అదే అన్నాడు. మా అన్న వద్దన్నాడు, నరికితే ఒకటికి నాలుగు లేస్తాయి, మనకు తెలియని పనా అన్నాడు. అట్లా చూస్తా ఉగాది తెచ్చుకున్నాం.

ఉగాదికి ముందు రోజు మిట్టమధ్యాన్నం నా మొగుడు వాగు కాడికి నీళ్లకని పోయి రాలేదు. పోయి చూస్తే చింతమాను కాడ ఉన్నాడు. బోర్లా పడి ఉన్నాడు, పాదాలు మాత్రం అక్కడే నిలబడి ఉన్నాయి. చీలమండ మీద జానెడుకు, రెండు కాళ్లూ, వాలుగా, తోలు చీలకుండా. వాడి గొడ్డలితోనే. ఎంత దూరం పాకినాడో, గోర్లన్నీ ఊడిపోయినాయి. ఏ దెబ్బకు పోయినాడో ఆ దెబ్బే నేర్చుకున్నాడు దస్తగిరి. వాణ్ని చూసే పిలక ఎండిపోయి కట్టె మాదిరి నిలబడుండె. తక్కిన రెండూ పచ్చగా, నిండు మనిషెత్తు.

నాకు ఏడ్చేదానికి కూడా తీరిక లేదు చూడండి, మొగుడు పోయినాడు, ఇంక మా అన్నను దక్కించుకోవాల. నాకు ఉండేది ఆయనొక్కడే. అన్నా, వేరు పెకిలిద్దాం, దస్తగిరి బొమికలు తీసి కాలుద్దాం అన్నా. వాడు ఒప్పుకోలేదు, పాపమన్నాడు, పాపమేందన్నా పీకలు తెగినాక, అని తిట్టి, గడ్డపార పట్టించి తీసుకపోయినా. పొద్దున్నే తవ్వినాం. తవ్వితే ఏముంది? చింతవేర్లు ఆయన పక్కటెముకల్లోకి పోయి, ఇటు పక్క బయటికి వచ్చి, కపాలంలో దూరి, ఆయన ఏదో మాను ఏదో తెలీకుండా అయిపోయింది. ఆయన్ను తీయాలంటే మానునే కూలదొయ్యాల. నేను గొడ్డలి అందిచ్చినా. మా అన్న మానును చూసి, చూసి, వద్దు మే అన్నాడు. మన ఊరు యాడుండేదో చెప్పేదానికి ఇదొక్కటే మిగిలింది, ఇది పోతే మనం ఎప్పుడూ ఇక్కడ లేనట్టే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మాను ముఖ్యమా నువ్వు ముఖ్యమా అన్నా. అప్పటికే పొద్దు నెత్తి మీదికి వచ్చేసింది, ఆ మాటల్లో చూసుకోలేదు.

రెండు పిలకలూ కదిలినాయి. మొదటిసారి చూసినా అవి నేల వదలడం.

మా అన్న అప్పుడు చేసిన పని చెప్తా వినండి. తుండుగుడ్డ తీసి ఉండ చుట్టి తన నోట్లో కుక్కుకున్నాడు. ఎడం చెయ్యి వెనక్కు పెట్టి, కట్టు అని సైగ చేసినాడు. నా కొంగు చించి నడుముకు కట్టినా. ఎందుకో తెలిసిందా? నోరు అనగూడదు, చెయ్యి ఆనగూడదు. ఒంటిచేత్తో గొడ్డలి తీసుకొని, తన మీదికి వచ్చేదాన్ని వదిలేసి, నా మీదికి వచ్చేదాన్ని నరికినాడు. ఒక దెబ్బకు తెగలేదు, ఒంటిచెయ్యి కదా, మూడు దెబ్బలు. నెత్తురు రాలేదు, జిల్లేడు పాల మాదిరి తెల్లగా కారింది. పడింది. ఆ కట్టిన చెయ్యి, వెనకాల, విదిలించుకుంటుండె, పోయి మోడు మీద పెట్టాలని, నేను నా కండ్లతో చూసినా. కట్టు ఆగింది. మాట బయటికి రాలేదు. ఆ పిలక మళ్లా లేవలేదు, నేను ఈ రోజు మీ ముందర కూచున్నానంటే అందుకే.

రెండో దానికి వాడు తిరిగేలోపల అది అక్కడే పడుండిన నా మొగుని గొడ్డలి తీసుకొని వంగింది. వాలుగా. జానెడుకు. రెండు కాళ్లూ.

నేను పోయి తల ఒళ్లో పెట్టుకున్నా. నెత్తురు ఆపాలని మట్టి కొట్టినా, చీర చుట్టినా, ఆగుతుందా? నోట్లో గుడ్డ తీసినా. వాడు నా మొగం చూసి, ఏమీ అనొద్దు మే, నోరు జాగ్రత్త అన్నాడు. అదే ఆఖరు మాట. మీ పిల్లలకు మీరు ఎన్నో మాటలు చెప్పి పోతారు, మా అన్న నాకు అదొక్కటే చెప్పినాడు. ఊపిరి నిలిచిపోయింది. నేను వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి, అన్నా, మళ్లీ రా అనినా.

నోరు జారి అనలేదు నేను. మా అన్న వేరు, నేను వేరు. నేను తెలిసే అనినా. రావాలనే అనినా.

వాణ్నీ అక్కడే పూడ్చి, ఊర్లో మళ్లా పులి మీద పెట్టినా, పాపం ఆ పులి. తొలివానకు ఒక్కదాన్నే పోయినా. దస్తగిరివి ఏమీ లేవు, మూడూ అయిపోయినాయి. ఒక్క పిలక ఉండె, మోకాలెత్తు. భుజం మీద తుండుగుడ్డ. నా వైపు తల ఎత్తి చూసినాడు, చిన్నప్పుడు నన్ను ఎత్తుకొని తిప్పినోడు, ఇప్పుడు నేను ఎత్తుకునేంత ఉన్నాడు. కండ్లలో నేనెవరో తెలిసిన జాడ లేదు. అప్పుడు అర్థమైంది నాకు, వచ్చేది మనిషి కాదు, వాడి చేతిలో పని ఒక్కటే వస్తుందని. నా చేతిలో గడ్డపార ఉంది. వేరు ఇంకా లేతది, ఒక్క పోటు చాలు. పొద్దు వాలేదాకా కూచున్నా. కూచోని, లేసి, ఇంటికొచ్చినా. మళ్లా పోలేదు.

ముప్పై ఏండ్లకు కూపు మళ్లా తెరిచినారు. మీరు చాలామంది పుట్టలేదు. రెండో రోజు మధ్యాన్నం ఇద్దరు పోయినారు, చింతమాను కాడ, జానెడుకు, వాలుగా. ఎంత శుభ్రంగా కొట్టినాడో చూసి నాకు తెలిసిపాయె. ఊరంతా పులి అనింది, నేనూ పులే అనినా. లాలెప్పా, రేపటికి అందరికంటే ముందు పేరు రాయించుకున్నావంట నువ్వు. ఆ ఇద్దరిలో ఒకడు మీ నాయన. నిన్ను కడుపులో పెట్టుకొని మీ అమ్మ ఆ శవం మీద పడి ఏడుస్తుంటే పట్టుకున్నది నేనే. పులి కాదురా. మా అన్న. నేను ఆ పొద్దు పెకిలించి ఉంటే మీ నాయన ఉండేవాడు. నన్ను తిట్టాలంటే తిట్టు, కొట్టాలంటే కొట్టు, ఇన్నేండ్లుగా నువ్వు నాకు అవ్వా అని సద్ది తెచ్చిస్తుంటే తింటా కూచున్నా.

నా మాట నమ్మమని చెప్పను. దెయ్యాల్లేవంటారు మీరు, మంచిదే. పని కావాలంటే పద్నాలుగో కూపులో అడగండి, అక్కడా కూలి అంతే ఇస్తారు. పదమూడుకు మాత్రం పోవద్దు. పోయినా గిడ్డమ్మ మనవళ్లమని చెప్పుకోవద్దు, వానికి గిడ్డమ్మ ఎవరో తెలీదు.